డాక్టర్ ఎల్ఆర్టీఐ అని రాస్తే మెడికల్ కోడింగ్‌లో జె22 వేసేయొచ్చా? సీఓపీడీ ఛార్ట్‌లో ఎర్రర్ ఎందుకు పడింది?

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్తాను, ఇదే ఇబ్బందిలో ఉన్నవాళ్లు ఇంకొందరు చదువుతారు కాబట్టి. మీరు మెడికల్ కోడర్, అంటే ఛార్ట్ చదివి డాక్టర్ రాసిన జబ్బులకి కోడ్లు వేస్తారు. రెండేళ్లు అవుట్‌పేషెంట్ ఛార్టులు చేసి ఈమధ్యే ఇన్‌పేషెంట్‌కి (ఆస్పత్రిలో చేరినవాళ్ల ఛార్టులకి) మారారు. అమెరికా ఆస్పత్రి ఛార్ట్ వచ్చింది. డిశ్చార్జ్ సమ్మరీలో డాక్టర్ "సీఓపీడీ ఎగ్జాసర్బేషన్, ఎల్ఆర్టీఐ, లైక్లీ న్యుమోనియా" అని రాశారు. అంటే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు (సీఓపీడీ) ముదిరింది, లోయర్ రెస్పిరేటరీ ట్రాక్ట్ ఇన్ఫెక్షన్ (ఎల్ఆర్టీఐ) ఉంది, బహుశా న్యుమోనియా అని. మీరు జె44.1 (ఎగ్జాసర్బేషన్ ఉన్న సీఓపీడీ), జె22 (పేరు తేలని ఎల్ఆర్టీఐ) వేశారు. ఆడిటర్ జె22 తీసేసి జె18.9 (క్రిమి తెలియని న్యుమోనియా) పెట్టారు, జె44.1 తీసేసి జె44.0 (ఇన్ఫెక్షన్ ఉన్న సీఓపీడీ) పెట్టారు. "సీఓపీడీకి రెండు కోడ్లూ అక్కర్లేదు, జె44.0 చాలు" అని కామెంట్ కూడా రాశారు. ఇందులో ఎవరిది కరెక్ట్ అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఈ ఛార్ట్‌కి మూడు కోడ్లు పడాలి: జె18.9, జె44.0, జె44.1. జె22 విషయంలో ఆడిటర్ చెప్పింది నిజం. జె44.0 మీరు వదిలేశారన్నదీ నిజం. కానీ జె44.1 తీసేయడం మాత్రం తప్పు, దాని మీద మీరు రీబటల్ (ఆడిటర్‌కి రాతపూర్వక అభ్యంతరం) వేయొచ్చు, వేయాలి కూడా. ఎందుకో ఒక్కొక్కటీ చెప్తాను. నేను ఈ పనిలోకి వచ్చి పద్నాలుగేళ్లయింది, అందులో సగం పైగా ఇన్‌పేషెంట్, ఇప్పుడు ఆడిట్ చేస్తున్నాను. ఊపిరితిత్తుల ఛార్టుల్లో పడే ఎర్రర్లు తిప్పి తిప్పి చూస్తే ఐదారు రకాలే. మీది అందులో ఒకటి.

ముందు ఎల్ఆర్టీఐ అన్న మాట గురించి. మన ఇళ్లలో పిల్లాడికి దగ్గు, జ్వరం, ఆయాసం వస్తే "నెమ్ము చేరింది" అంటారు కదా. అది బ్రాంకైటిస్ కావచ్చు, బ్రాంకియోలైటిస్ కావచ్చు, న్యుమోనియా కావచ్చు, అన్నిటికీ అమ్మమ్మ ఒకటే మాట వాడుతుంది. ఎల్ఆర్టీఐ అనేది డాక్టర్ల నెమ్ము. స్వరపేటిక కింద నుంచి గాలి గదుల దాకా ఎక్కడో ఇన్ఫెక్షన్ ఉంది అంటుంది, ఎక్కడ, ఏ క్రిమి వల్ల అన్నది చెప్పదు. మన దగ్గర డాక్టర్ల చీటీల్లో ఈ మాట కనిపిస్తూనే ఉంటుంది. దుబాయ్, అబుదాబి ప్రాజెక్టులు చేసినవాళ్లకీ బాగా అలవాటు, అక్కడ కూడా ఐసీడీ-10-సీఎం కోడ్లే (మనం అమెరికా ఛార్టులకి వేసే ఇవే జబ్బుల కోడ్లు) వాడతారు, మన దేశం నుంచి వెళ్లిన డాక్టర్లూ చాలామంది ఉంటారు. అమెరికా ఛార్టుల్లో మాత్రం న్యుమోనియా, అక్యూట్ బ్రాంకైటిస్ అని పేరు పెట్టి రాయడమే ఎక్కువ.

ఆ పేరులేని నెమ్ముకి ఉన్న కోడ్ జె22. మూడు అక్షరాలతోనే పూర్తయ్యే కోడ్, దాని కింద ఇంకేమీ లేవు. ఇండెక్స్‌లో ఇన్ఫెక్షన్, రెస్పిరేటరీ, లోయర్ అని వెళ్తే అక్కడికే తీసుకెళ్తుంది. రెస్పిరేటరీ ఇన్ఫెక్షన్, అక్యూట్ అని వెళ్లినా అక్కడికే చేరుతుంది. అదే డాక్టర్ అక్యూట్ అనకుండా, లోయర్ అనకుండా ఊరికే రెస్పిరేటరీ ఇన్ఫెక్షన్ అని వదిలేస్తే జె98.8కి వెళ్తుంది. ఒక్క మాట తేడాతో కోడ్ మారిపోతుంది చూడండి.

అదే ఛార్ట్‌లో ఇంతకంటే నిర్దిష్టమైన పేరు ఉంటే జె22 అక్కర్లేదు. మీ ఛార్ట్‌లో పేరు ఉంది: న్యుమోనియా. లైక్లీ అన్న మాట చూసి మీరు వెనక్కి తగ్గారు. అవుట్‌పేషెంట్ నుంచి వచ్చినవాళ్లందరికీ ఇది జరుగుతుంది, ఎందుకంటే అక్కడ రెండేళ్లు మీకు నేర్పింది సరిగ్గా ఇదే: ప్రాబబుల్, సస్పెక్టెడ్, లైక్లీ అని ఉంటే కోడ్ చేయొద్దు, లక్షణాలు కోడ్ చేయండి అని. అది ఐసీడీ-10-సీఎం అధికారిక గైడ్‌లైన్స్‌లో నాలుగో సెక్షన్. ఇన్‌పేషెంట్‌కి రెండు, మూడు సెక్షన్లు. అక్కడ డిశ్చార్జ్ సమయానికి ప్రాబబుల్, సస్పెక్టెడ్, లైక్లీ, పాజిబుల్, కంపాటిబుల్ విత్, కన్సిస్టెంట్ విత్, స్టిల్ టు బి రూల్డ్ అవుట్ లాంటి మాటలతో ఉన్న డయాగ్నసిస్‌ని ఖాయమైనట్టే కోడ్ చేయమంటుంది. కారణం కూడా ఉంది. నాలుగు రోజులు పడుకోబెట్టి యాంటీబయాటిక్ ఎక్కించింది ఆ అనుమానం మీదే కదా, ఆస్పత్రి ఖర్చు పెట్టింది దానికే.

దీనికి మినహాయింపులున్నాయి, గుర్తుపెట్టుకోండి. కోవిడ్‌ని ఇన్‌పేషెంట్‌లో కూడా లైక్లీ అంటే కోడ్ చేయరు, కన్ఫర్మ్ అయితేనే యు07.1. హెచ్ఐవీ, కొన్ని ఇన్‌ఫ్లుయెంజా రకాలు కూడా అంతే. కోవిడ్ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి: కోవిడ్ వల్ల న్యుమోనియా అయితే యు07.1 ముందు, తర్వాత జె12.82. ఈ జె12.82 2021 జనవరి 1 నుంచే వచ్చింది, అంతకుముందు ఛార్టులు ఆడిట్‌కి వస్తే ఇది వేయకండి. కోవిడ్ వల్ల అక్యూట్ బ్రాంకైటిస్ అయితే యు07.1తో జె20.8. కోవిడ్ వల్ల లోయర్ రెస్పిరేటరీ ఇన్ఫెక్షన్ అని మాత్రమే రాస్తే యు07.1తో జె22. అంటే జె22 వేయడమే తప్పు అనుకోకండి, గైడ్‌లైన్సే పేరు పెట్టి దాన్ని వేయమన్న చోటు ఉంది.

ఇదే పేషెంట్ అర్జెంట్ కేర్‌కి వచ్చి, ఇదే వాక్యం రాయించుకుని ఇంటికి వెళ్లిపోయి ఉంటే? అప్పుడు లైక్లీ న్యుమోనియా పక్కకి పోతుంది, ఎల్ఆర్టీఐ అన్నది ఖాయంగా రాశారు కాబట్టి జె44.0, జె22, జె44.1 వస్తాయి. మీరు అవుట్‌పేషెంట్ అలవాటులో కరెక్ట్‌గానే ఆలోచించారు, సెట్టింగ్ మారిందంతే.

ఇప్పుడు సీఓపీడీ సంగతి. జె44.0 అంటే లోయర్ రెస్పిరేటరీ ఇన్ఫెక్షన్‌తో కూడిన సీఓపీడీ. జె44.1 అంటే ఎగ్జాసర్బేషన్‌తో కూడినది. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లు సీనియర్లలో కూడా ఉన్నారు. గైడ్‌లైన్స్‌లో శ్వాసకోశ చాప్టర్ మొదట్లోనే దీని గురించి చెప్పారు: ఎగ్జాసర్బేషన్ అంటే ఉన్న దీర్ఘకాలిక జబ్బు ముదరడం, దాని మీద ఇన్ఫెక్షన్ వచ్చి చేరడం వేరే సంగతి, ఇన్ఫెక్షన్ వల్ల ఎగ్జాసర్బేషన్ మొదలవ్వచ్చు గానీ రెండూ సమానం కావు అని. జె44.1 కింద ఉన్న ఎక్స్‌క్లూడ్స్ నోటు కూడా రెండో రకం, ఒకటో రకం కాదు. ఒకటో రకమైతే రెండూ కలిపి వేయకూడదు, రెండో రకమైతే రెండూ ఉన్నప్పుడు రెండూ వేయొచ్చు. డాక్టర్ ఎగ్జాసర్బేషన్ అని రాశారు, ఇన్ఫెక్షన్ అనీ రాశారు. రెండూ పడాలి.

ఏది ముందు? దీని మీద 2016, 2017ల్లో మా ఫ్లోర్ మీద పెద్ద వాదనలే నడిచాయి. అప్పట్లో జె44.0 కింద యూజ్ అడిషనల్ కోడ్ అని ఉండేది, అంటే ఇన్ఫెక్షన్ ఎప్పుడూ రెండోదిగానే రావాలి. న్యుమోనియాతో వచ్చి న్యుమోనియాకే వైద్యం తీసుకున్న మనిషికి కూడా సీఓపీడీయే ప్రిన్సిపల్ (అడ్మిషన్‌కి అసలు కారణంగా మొదట వేసే కోడ్) అయ్యేది. 2017 అక్టోబర్ 1 నుంచి ఆ నోటుని కోడ్ ఆల్సో అని మార్చారు. కోడ్ ఆల్సో అంటే వరుస నిర్ణయించదు, అడ్మిషన్ దేని కోసం జరిగిందో దాన్ని బట్టి మీరు నిర్ణయించాలి. పాత నోట్సు పట్టుకుని జె44.0 ఎప్పుడూ ముందే అని ఇప్పటికీ నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లు అమీర్‌పేటలో ఉన్నాయి, జాగ్రత్త.

వరుస మారితే ఏమవుతుందో తెలుసుకోండి. న్యుమోనియా ముందుంటే కేసు డీఆర్జీ (ఆస్పత్రికి ఎంత చెల్లించాలో నిర్ణయించే కేసుల గుంపు) 193 నుంచి 195 మధ్య పడుతుంది. సీఓపీడీ ముందుంటే 190 నుంచి 192. ఆస్పత్రికి వచ్చే డబ్బు మారుతుంది, అందుకే ఇన్సూరెన్స్ వాళ్లు ఈ కేసుల్ని తవ్వి మరీ చూస్తారు. కాబట్టి ప్రిన్సిపల్ ఎంచుకునేటప్పుడు ఎమర్జెన్సీ నోటు, హిస్టరీ అండ్ ఫిజికల్, మొదటి రోజు ఆర్డర్లు దగ్గర పెట్టుకుని చదవండి. ఐవీ యాంటీబయాటిక్ ఎక్కించి, సీఓపీడీకి మామూలు ఇన్‌హేలర్లే కొనసాగిస్తే న్యుమోనియా వైపు మొగ్గుతుంది. ఐవీ స్టెరాయిడ్, గంటగంటకీ నెబ్యులైజర్, బైపాప్ (మాస్క్‌తో ఊపిరి అందించే మెషిన్) పెట్టి యాంటీబయాటిక్ మాత్రల్లో ఇస్తే సీఓపీడీ వైపు. రెండిటికీ సమానంగా చూసి ఉంటే, రెండూ అడ్మిషన్‌కి కారణమే అయితే, ఏదైనా ముందు పెట్టొచ్చని గైడ్‌లైనే చెప్తుంది. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా ప్రభావం చూపి ప్రాణం మీదికి తెచ్చే స్థితి) కూడా ఉండి, అది పేషెంట్ ఆస్పత్రికి వచ్చేటప్పటికే ఉంటే లెక్క మారుతుంది, ఏ41.9 లాంటి సెప్సిస్ కోడ్ ముందుకొచ్చి న్యుమోనియా వెనక్కి పోతుంది.

ఇంతవరకూ మీ ఛార్ట్. ఇక మీరు అడగకపోయినా నేను చెప్పాలనుకుంటున్నది ఒకటుంది, ఇన్‌పేషెంట్‌లో మీకు మొదటి ఆరు నెలల్లో ఎదురయ్యేది ఇదే.

ఎక్స్‌రే చూసి, కల్చర్ చూసి, మందు చూసి మీరు జబ్బు పేరు పెట్టకూడదు. నా నాలుగో ఏడాదిలో ఒక కేసు. డెబ్భై ఏళ్ల పెద్దాయన, డాక్టర్ అన్ని నోట్స్‌లోనూ న్యుమోనియా అనే రాశారు. కఫం కల్చర్‌లో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా దండిగా పెరిగింది. రిపోర్ట్ వచ్చిన సాయంత్రమే సెఫ్ట్రయాక్సోన్ ఆపి సెఫెపీమ్ మొదలుపెట్టారు. ఇంకేం కావాలి అనిపించింది నాకు, జె15.1 (సూడోమోనాస్ న్యుమోనియా) వేశాను. కేసు డీఆర్జీ 193 నుంచి 177కి, అంటే మామూలు న్యుమోనియా నుంచి పెద్ద రెస్పిరేటరీ ఇన్ఫెక్షన్ల గుంపుకి మారింది. మూడు నెలల తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ల నుంచి డినయల్ (చెల్లింపు తిరస్కరణ) వచ్చింది. ఛార్ట్ మొత్తం వెతికినా సూడోమోనాస్ న్యుమోనియా అన్న మాట ఏ డాక్టరూ రాయలేదు. కఫంలో క్రిమి పెరిగినంత మాత్రాన జబ్బు దానివల్లే అని కాదు, గొంతులో ఊరికే కాపురం ఉన్నది కూడా పెరుగుతుంది, ఆ తేడా చెప్పాల్సింది డాక్టర్. అసహజ రిపోర్టుల్ని డాక్టర్ వాటి ప్రాధాన్యం చెప్తే తప్ప కోడ్ చేయొద్దని మూడో సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. ఆ రోజు నేను చేయాల్సిన పని క్వెరీ పంపడం, అంటే డాక్టర్‌ని రాతపూర్వకంగా వివరణ అడగడం. పది నిమిషాల పని, టార్గెట్ టెన్షన్‌లో వదిలేశాను.

క్వెరీ ఎలా ఉండాలో కూడా చెప్తాను, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. "సూడోమోనాస్ న్యుమోనియా అని డాక్యుమెంట్ చేయగలరా?" అని పంపితే అది లీడింగ్ క్వెరీ, మీరే జవాబు చేతిలో పెట్టినట్టు. ఇలా ఉండాలి: "12వ తేదీ ప్రోగ్రెస్ నోట్‌లో న్యుమోనియా అని ఉంది. 13వ తేదీ కఫం కల్చర్‌లో సూడోమోనాస్ ఎరుజినోసా పెరిగింది. అదే రోజు సెఫ్ట్రయాక్సోన్ ఆపి సెఫెపీమ్ మొదలుపెట్టారు. మీ వైద్య నిర్ణయం ప్రకారం ఈ న్యుమోనియాకి కారణమైన క్రిమిని తెలుపగలరు." కింద ఆప్షన్లు: సూడోమోనాస్ వల్ల న్యుమోనియా, వేరే క్రిమి వల్ల న్యుమోనియా (పేరు రాయండి), క్రిమి తెలియని న్యుమోనియా, ఇతరం, నిర్ణయించలేం. తేదీలు, విలువలు ఛార్ట్‌లో ఉన్నవి ఉన్నట్టు. డబ్బు మాట, డీఆర్జీ మాట ఎక్కడా రాకూడదు. హెడ్డింగ్‌లో కూడా జబ్బు పేరు సూచించకూడదు.

ఎక్స్‌రే కూడా అంతే. రేడియాలజిస్ట్ "కుడి కింది లోబ్‌లో ఇన్‌ఫిల్ట్రేట్" అంటే అది న్యుమోనియా కాదు, నీరు కావచ్చు, అటెలెక్టాసిస్ (ఊపిరితిత్తి భాగం ముడుచుకుపోవడం) కావచ్చు. ఇన్‌పేషెంట్‌లో రేడియాలజిస్ట్ నేరుగా న్యుమోనియా అన్నా సరే, చూస్తున్న డాక్టర్ అనకపోతే మీరు కోడ్ చేయలేరు, క్వెరీ చేయాలి.

లోబ్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. "రైట్ లోయర్ లోబ్ న్యుమోనియా" అని ఉంటే చాలామంది జె18.1 వేసేస్తారు. అది లోబార్ న్యుమోనియాకి ఉన్న కోడ్. లోబార్ న్యుమోనియా అన్నది ఒక రకం, లోబ్‌లో న్యుమోనియా అన్నది చోటు చెప్పడం. డాక్టర్ లోబార్ న్యుమోనియా అనే మాటే రాయాలి, లేకపోతే జె18.9. 2018లో కోడింగ్ క్లినిక్ (కోడర్లకి అధికారిక సలహాలిచ్చే పత్రిక) కూడా ఇదే చెప్పింది. నేను ఆడిట్‌లో నెలకి కనీసం నాలుగైదు ఇవే తీసేస్తుంటాను.

తర్వాత, అనుమానం ఎప్పటిది అన్నది చూడండి. రెండో రోజు నోట్‌లో పాజిబుల్ న్యుమోనియా, మూడో రోజు సీటీ క్లియర్, డిశ్చార్జ్ సమ్మరీలో అక్యూట్ బ్రాంకైటిస్. కొత్తగా వచ్చిన అమ్మాయి ఒకరు జె18.9 వేసి, "సర్, ఇన్‌పేషెంట్‌లో పాజిబుల్ కోడ్ చేయొచ్చన్నారుగా" అంది. చేయొచ్చు, కానీ డిశ్చార్జ్ దాకా ఆ అనుమానం నిలిచి ఉండాలి. ఇక్కడ మధ్యలోనే పోయింది. జె20.9 సరిపోతుంది. బ్రాంకైటిస్ విషయంలో అక్యూట్ అన్న మాట కూడా చూసుకోండి, అది లేకుండా ఊరికే బ్రాంకైటిస్ అంటే జె40కి పోతుంది. పల్మనాలజిస్ట్ ఒకటి, అటెండింగ్ (కేసు బాధ్యత చూసే ముఖ్య డాక్టర్) ఇంకోటి రాస్తే మీరు తీర్పు చెప్పకండి, అటెండింగ్‌కి క్వెరీ వెళ్లాలి.

చిన్నవి కొన్ని. న్యుమోనియా కోడ్ పడ్డాక దగ్గు, జ్వరం, ఆయాసం విడిగా వేయకండి, అవి అందులో భాగమే. ఆక్సిజన్ పడిపోయి అక్యూట్ రెస్పిరేటరీ ఫెయిల్యూర్ విత్ హైపాక్సియా అని రాస్తే జె96.01 విడిగా వేయాలి, ఊరికే శాచురేషన్ 87 అని ఉంటే మీరు ఫెయిల్యూర్ అనుకోకూడదు. ఆస్పత్రిలో వచ్చిన న్యుమోనియా అని డాక్టర్ రాస్తే వై95 (ఆస్పత్రిలో వచ్చిందని చెప్పే కోడ్) జత చేయండి, పీఓఏ (చేరేటప్పటికే ఉందా అన్న గుర్తు) ఎన్, అంటే లేదు, అవుతుందేమో చూసుకోండి. వెంటిలేటర్ మీద ఉన్న పేషెంట్‌కి న్యుమోనియా వచ్చిందని జె95.851 వేసేయకూడదు, వెంటిలేటర్ వల్లే అని డాక్టర్ కలిపి రాయాలి. పిల్లల ఛార్టులొస్తే ఆర్ఎస్వీ (రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్) మీద కన్నేయండి: బ్రాంకియోలైటిస్ అయితే జె21.0, బ్రాంకైటిస్ అయితే జె20.5, న్యుమోనియా అయితే జె12.1. వైరస్ ఒకటే, ఇల్లు మూడు.

సరే, మీ రీబటల్. జె22 గురించి వాదించకండి, ఒప్పుకోండి. జె44.0 కూడా ఒప్పుకోండి. జె44.1 ఒక్కదాని మీద రాయండి: డిశ్చార్జ్ సమ్మరీలో ఎగ్జాసర్బేషన్ అన్న వాక్యం ఉన్నచోటు, తేదీ, ఇచ్చిన స్టెరాయిడ్, నెబ్యులైజర్ ఆర్డర్లు, శ్వాసకోశ చాప్టర్‌లోని ఎగ్జాసర్బేషన్ గైడ్‌లైన్, జె44.1 కింద ఉన్న రెండో రకం ఎక్స్‌క్లూడ్స్ నోటు. నాలుగు లైన్లు చాలు. డిశ్చార్జ్ తేదీ అమెరికా లెక్కన (అక్టోబర్ నుంచి సెప్టెంబర్) ఏ ఆర్థిక సంవత్సరంలో పడిందో చూసి ఆ ఏడాది పుస్తకమే చూపించండి, కోడ్లు ప్రతి అక్టోబర్ 1కి మారుతుంటాయి. ఆడిటర్ ఒప్పుకోకపోతే టీమ్ లీడ్ ద్వారా క్లయింట్‌కి పంపమని అడగండి. ఏం జరిగిందో ఇక్కడ రాయండి, డిశ్చార్జ్ సమ్మరీలో ఆ వాక్యం మొత్తం పేషెంట్ వివరాలు లేకుండా పెడితే వరుస గురించి కూడా చూసి చెప్తాను.